నీళ్ళు అని రాసిన ట్యాంకు

మా మామ పోయారు. సూర్యాపేట దవాఖానలో, పొద్దున ఏడు గంటలప్పుడు, నేను టీ తెద్దామని కిందికి దిగి మళ్ళీ మెట్లెక్కేలోపల. దగ్గు ఆగిందమ్మా, నిద్రపట్టిందేమో అనుకున్నాను అని పక్క మంచం ఆవిడ చెప్పింది. ఫ్లాస్కు నా చేతిలో వేడిగానే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.

మామ అంటే మా ఆయన తండ్రి. హైవే పక్కన ప్లాస్టిక్ ట్యాంకులమ్మే మా దుకాణం ఆయన పెట్టిందే. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మనకు అలవాటే. మామ విషయంలో ఆ మాటలు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. కానీ నేను రాస్తున్నది అందుకోసం మాత్రమే కాదు. ఆయన ఒక తప్పును తన మీద వేసుకొని పోయారు. ఆ తప్పు నాది. ఐదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, రెండు పూటలా ఆయనకు అన్నం పెడుతూ, ఆ ముక్క నోటితో చెప్పలేకపోయాను.

తుంగతుర్తి దిక్కు గొర్రెలు పెంచే ఇల్లు వాళ్ళది. నలుగురు అన్నదమ్ముల్లో ముగ్గురు మంద వెంట పోతే, మామ ఒక్కరు పదో తరగతి గట్టెక్కి మిర్యాలగూడలో తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలో స్టోర్ కీపరయ్యారు. నూనె శుద్ధి చేసే సోడా, యాసిడ్, తవుడులోంచి నూనె గుంజే సాల్వెంట్, అన్నీ ఆయన తాళంచెవి కిందే ఉండేవి. ఏది ఇనుప డ్రమ్ములో ఉంచాలి, ఏది ప్లాస్టిక్‌లో ఉంచాలి అన్నది ఆయనకు ఎవరో కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఒకసారి ఎవరో సాల్వెంట్‌ను నీళ్ళు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి మూలకు పెట్టారట. కొన్నాళ్ళకు డ్రమ్ము మెత్తబడి పొట్ట జారింది. ఇద్దరు కలిసి లేపబోతే అడుగు ఊడి నేల మీదే ఉండిపోయింది, సరుకంతా స్టోర్ నిండా పారింది. బీడీలు తాగే హమాలీ ఆ రోజు పనికి రాలేదు కాబట్టి బతికినం అనేవారు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక సూర్యాపేటకు వచ్చి దుకాణం తెరిచారు. నేను కోడలిగా వచ్చేసరికి దుకాణానికి రెండేళ్ళు. మా ఆయన పైపులైన్ల పనుల మీద ఊళ్ళు పట్టుకొని తిరుగుతుంటే గల్లా మీద కూర్చునే పని నాకు పడింది. ఇంటి కోడలు రోడ్డు మీద కూర్చొని బేరాలాడుడేందని చుట్టాలు సణిగారు. మామ వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. తన కుర్చీ తెచ్చి గుమ్మం పక్కన వేసుకున్నారు. ఎవరైనా నాతో గొంతు పెంచితే చదువుతున్న పేపరు కిందికి దించి చూసేవారు. అంతకంటే ఏమీ చేసేవారు కాదు, అవసరమూ పడేది కాదు.

మా దుకాణంలో ఒక విచిత్రం ఉండేది. గల్లా వెనక అర మీద గాజు సీసాల వరస. ఒక్కో సీసాలో బొటనవేలంత ట్యాంకు ముక్క. ఒకదాంట్లో పెట్రోలు, ఒకదాంట్లో యాసిడ్, ఒకదాంట్లో సోడా, ఒకదాంట్లో బ్లీచింగు, ఒకదాంట్లో ఉత్త సబ్బునీళ్ళు. పెట్రోల్లో వేసిన ముక్క ఉబ్బి, వేళ్ళతో వంచితే వంగేది. యాసిడ్‌లో వేసిన ప్లాస్టిక్ ముక్కకు ఏమీ కాలేదు కానీ, దాని పక్క సీసాలో అదే యాసిడ్‌లో వేసిన ఇత్తడి నిపుల్ కొరికేసినట్టు తయారై, యాసిడంతా ఆకుపచ్చగా మారింది. నిపుల్ అంటే ట్యాంకు అడుగున పైపు బిగించడానికి పెట్టే మరలున్న ముక్క. సబ్బునీళ్ళలోది ఇంకా తమాషా. ముక్కను వంచి తీగెతో కట్టి వేశారు. కొన్ని వారాలకు వంపు దగ్గర పగిలింది. అట్లాగే కట్టి మంచినీళ్ళలో వేసింది చెక్కుచెదరలేదు. సబ్బునీళ్ళకు ట్యాంకు పగులుతదా అని రైతులు నవ్వితే మామకు మహా సంతోషం. నమ్మొద్దు, పట్టుకొని సూడు అంటూ సీసా మూత తీసేవారు. ఒకాయన ఆ వరసను చూసి దగ్గు మందేమో అనుకొని చెంచా అడిగాడు. దానికి మేమిద్దరం వారం రోజులు నవ్వుకున్నాం.

ట్యాంకు కొనడానికి ఎవరొచ్చినా మామ ముందు అడిగేది ధర కాదు, కొలత కాదు. దీంట్ల ఏం పోస్తవ్ అని. ఇంటి మీద నీళ్ళకే అంటే సరే. డబ్బా తెరిచి, ఎర్ర పెయింటుతో ట్యాంకు మీద తన చేత్తో నీళ్ళు అని రాసి పంపేవారు. స్టోర్లో ఉన్ననాటి అలవాటు అది, పేరు రాయని డ్రమ్మును ఆయన లోపలికి రానిచ్చేవారు కాదట. వేరే ఏదైనా అంటే కూర్చోబెట్టి ఆరా తీసేవారు. ఎంత గాఢం, ఎండలో పెడతారా, నీడలో పెడతారా, కింద నుంచి తీస్తారా, పై నుంచి తోడతారా. యాసిడ్ అయితే మందపు తెల్ల ట్యాంకే ఇవ్వాలి, కింద రంధ్రం పెట్టకూడదు, పై నుంచే పంపుతో తియ్యాలి. నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ప్లాస్టిక్‌ను యాసిడ్ ఏం చెయ్యట్లేదుగా, సీసాలో మీరే చూపిస్తున్నారుగా అన్నాను.

"ప్లాస్టిక్ ఒక్కటి తట్టుకుంటె సాలదు బిడ్డా," అన్నారు. "వాసరు తట్టుకోవాలె, నిపుల్ తట్టుకోవాలె, మూత తట్టుకోవాలె. మనిషి నిలవడేది నిపుల్ కాడనే గద."

నిడమనూరు నుంచి ఒకావిడ నీలం డ్రమ్ము ఒకటి ఆటోలో వేసుకొచ్చింది. అంగట్లో సెకండ్ హ్యాండ్‌ది కొన్నదట, తాగే నీళ్ళు నింపుకోవడానికి, కింద నల్లా పెట్టివ్వమంది. మామ మూత తీసి వాసన చూశారు. పురుగుమందుది. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ తాగింది తాగిందే, వదలదు అని చెప్పారు. ఆవిడ వినలేదు, మూడుసార్లు బూడిదతో కడిగిన అంది. మామ లోపలికి పోయి రంపం తెచ్చి, ఆవిడ చూస్తుండగానే డ్రమ్మును నడిమికి కోసేశారు. ఆవిడ తిట్టిన తిట్లు రోడ్డవతల టీ కొట్టు దాకా వినబడ్డాయి. అన్నీ విన్నాక, చిన్న కొత్త ట్యాంకు ఒకటి ఆటోలో ఎక్కించి, దాని మీద నీళ్ళు అని రాసి పంపారు. ఆ రెండు చెక్కలు ఎక్కడ పారేసినా ఎవరో ఒకరు తీసుకుపోయి గొడ్లకు కుడితి పెడతారని, వాటిని మళ్ళీ నాలుగు ముక్కలు చేశారు.

ఇవన్నీ ఇప్పుడు ముచ్చటగా రాస్తున్నాను. అప్పుడు నాకు ఒళ్ళు మండేది. ఏం పోస్తవ్ అన్న ప్రశ్నకు సగం మంది విసుక్కొని ఎదురు దుకాణానికి పోయేవాళ్ళు. అక్కడ అడిగేవాళ్ళు లేరు. అడుగుడు బంద్ పెట్టమని మామతో రెండుసార్లు మొహం మీదే చెప్పాను. పోనియ్ బిడ్డా, పోయేటోళ్ళను పోనియ్ అన్నారు. పోనిస్తూ కూర్చుంటే దుకాణం కూడా పోతుందని నేను లోలోపల పళ్ళు నూరుకునేదాన్ని.

అట్లాంటి రోజుల్లోనే కోదాడ నుంచి ఒకాయన వచ్చాడు. ఊరి చివర షెడ్డు వేసి, బాత్రూములు కడిగే యాసిడ్ కలిపి సీసాల్లో నింపి అమ్ముతాడు. మామ లోపల అన్నం తింటున్నారు. ఆయన నాతో ఏమీ దాచలేదు. నీళ్ళు కలిపిన యాసిడే కదండీ, పల్చగా ఉంటుంది, ఈ నల్ల ట్యాంకు సరిపోతుంది అన్నాడు. నల్ల ట్యాంకుకు అడుగున ఇత్తడి నిపుల్ ఉంది. ఆకుపచ్చ రంగు తేలిన సీసా నా భుజం వెనకే ఉంది. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు సందు లేదు. తెల్ల ట్యాంకు ఆయన కొనడు, మామ వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగితే ఈ బేరమూ ఎదురు దుకాణానికి పోతుంది. అదొక్కటే నా తలలో ఉంది.

"మామ వచ్చి అడిగితే నీళ్ళకని చెప్పండి," అన్నాను.

మామ చేతులు తుడుచుకుంటూ వచ్చారు, అడిగారు. నీళ్ళకేనండి అన్నాడాయన. మామ పెయింటు డబ్బా తెచ్చారు. షెడ్డులో పెడతారట, పదిమంది మసలే చోటు, అందరికీ కనబడాలని ఆ ఒక్క ట్యాంకు మీద రెండు పక్కలా రాశారు, ఎప్పటికంటే పెద్ద అక్షరాలతో. నేను బిల్లు రాస్తూ ఆ రాతను చూస్తూనే ఉన్నాను.

ఎండాకాలం వచ్చింది. ఆ షెడ్డుకు సీసాల పెట్టెలు లారీకెత్తడానికి నడిగూడెం నుంచి ఒక కూలీ వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ షెడ్డు గడప తొక్కినవాడు కాదు. ట్యాంకు నిపుల్ దగ్గర బొట్లు బొట్లుగా కారుతుంటే చూశాడు. పైన నీళ్ళు అని రాసి ఉంది. షెడ్డంతా ఎట్లాగూ యాసిడ్ కంపే, ఆ వాసన దేన్నుంచి వస్తుందో కొత్తవాడికేం తెలుస్తుంది. ఆ ఎండలో బంగారంలాంటి నీళ్ళు నేలపాలవుతున్నాయని, ఎవరూ చెప్పకుండానే పటకారు తీసుకొని, నిపుల్ బిగిద్దామని వంగి మొహం దగ్గరికి పెట్టాడు. లోపల యాసిడ్ ఎప్పుడో తినేసిన ఇత్తడి, ఒక్క తిప్పుకు ఊడి చేతిలోకి వచ్చింది. ధార నేరుగా మొహం మీద పడింది. కడగడానికి నీళ్ళు లేవు. కరెంటు పోయి ఉంది, బోరు నడవలేదు. తాగే నీళ్ళ కుండ ఒకటుంటే అది అయిపోయింది. ఆటోలో కోదాడ దవాఖానకు చేర్చేసరికి చెయ్యగలిగింది పెద్దగా లేకపోయింది. రెండు కళ్ళూ పోయాయి.

ఫోను మామే ఎత్తారు. చెప్పులేసుకొని కోదాడ బస్సెక్కి పోయారు. సాయంత్రం తిరిగొచ్చి, సంచిలోంచి కాగితం పొట్లం తీసి గల్లా మీద విప్పారు. సగం నిపుల్. అంచులు తడిసిన బిస్కెట్లా రాలుతున్నాయి.

"నా రాత సదివి పోయిండు బిడ్డా," అన్నారు. "నీళ్ళని రాస్తి గద, నమ్మిండు."

అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే చెప్పేద్దామని కూడా అనుకున్నాను, లేదా అట్లా అనుకున్నానని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన అడగలేదు. నేను లోపలికి పోయి అన్నం వేడిచేశాను.

మర్నాడు పొద్దున పెయింటు బ్రష్షు నా ముందు పెట్టి, ఇగ నువ్వే అడుగు, నువ్వే రాయి అన్నారు. చేతులు వణుకుతున్నాయేమో, వయసు మీద పడిందేమో అనుకున్నాను. ఆనాటి నుంచి దీంట్ల ఏం పోస్తవ్ అని అడిగే పని నాదయింది. నేను అడుగుతున్నప్పుడు మామ పేపరు చదవడం ఆపి, తల ఇటు తిప్పి వినేవారు. ఒక్కసారి కూడా మధ్యలో కలగజేసుకోలేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దుకాణం ముందు భాగం కొట్టేసి, దుమ్ములో ట్యాంకులన్నీ ఒకే రంగులోకి వచ్చిన రోజుల్లో కూడా ఆ కుర్చీ అక్కడే ఉంది, ఆయన అందులోనే ఉన్నారు.

షెడ్డాయన షెడ్డు మూసుకొని ఎటో పోయాడు. మామ మాత్రం నెలకోసారి నడిగూడెంలో ఆ కూలీ ఇంటికి పోయేవారు. బియ్యమో, పప్పో సంచిలో పెట్టుకొని పొద్దున బస్సుకు పోయి మధ్యాహ్నానికి వచ్చేవారు. అక్కడ ఏం జరిగిందో ఒక్కనాడూ చెప్పలేదు. మొదటి నెల వస్తవా బిడ్డా అని నన్ను అడిగారు. దుకాణం ఎవరు చూస్తారన్నాను. రెండో నెల మళ్ళీ అడిగారు. అదే జవాబు చెప్పాను. మూడో నెల అడగలేదు. ఆయన అడగడం మానేసినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

మంచాన పడ్డాక ఆయన పెద్దగా మాట్లాడింది లేదు. ఊపిరి తీసుకోవడమే ఒక పని అయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు, మా ఆయన మందులకని కిందికి పోయినప్పుడు, నా చెయ్యి పట్టుకొని నడిగూడెం ఒకపారి పొయ్యిరా అన్నారు. పోయి ఏం చెప్పాలె మామా అని అడిగాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినబడింది.

"షెడ్డాయన ఆనాడే చెప్పిండు నాకు," అన్నారు. "నువ్వే చెప్తవని సూసిన. నాకైతే చెప్పకపోతివి. ఆ కండ్లు పోయినాయనకన్న చెప్పు బిడ్డా."

ఐదేళ్ళు. నేను వండింది తిన్నారు, నా పిల్లలను ఎత్తుకున్నారు, చుట్టాల దగ్గర దుకాణమంతా మా కోడలే అని గొప్పగా చెప్పారు. లోపల అది పెట్టుకొని. నాకు ఏడుపు కూడా రాలేదు. పోతాను మామా అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో నడిగూడెం బస్సులు ఎన్ని పోయాయో, నేను ఒక్కటీ ఎక్కలేదు. దవాఖాన, ఇల్లు, దుకాణం అని నాకు నేను సాకులు చెప్పుకున్నాను.

పదకొండో రోజు దినం చేశాం. దుకాణం ముందు టెంటు వేసి, ఊరి నుంచి వచ్చిన అన్నదమ్ములు యాటను కోసి వండించారు. బంతిలో నేను నీళ్ళు పోస్తున్నాను. చివర్లో ఒక ఆడమనిషి, ఆమె భుజం మీద చెయ్యి వేసుకొని నల్లద్దాల మనిషి లోపలికి వచ్చారు. మా వాళ్ళెవరికీ వాళ్ళు తెలియదు. ఆ మొహం మీద తెల్లటి మచ్చలు చెవి దాకా పాకి ఉన్నాయి. నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

విస్తరి ముందు కూర్చోబెట్టి భార్య ఆయన వేళ్ళకు అన్నం, కూర ఎక్కడున్నాయో తాకించి చూపించింది. నేను చెంబుతో దగ్గరికి వస్తే ఆయన తల ఎత్తి ఎవరని అడిగాడు. పక్కన ఎవరో పెద్దాయన కోడలు అన్నారు.

"మీ మామ మంచోడమ్మా," అన్నాడు. "అది యాసిడ్ కని తెలిసే అమ్మిన, తప్పు నాదే అని నా ఇంట్ల కూసోని ఒప్పుకున్నడు. ఒప్పుకునేటోళ్ళు ఎవరున్నరు ఈ కాలంల. అయినా నాకు మనసు కరగనీకె మస్తు దినాలు పట్టింది."

చెంబు రెండు చేతులతో పట్టుకున్నాను. బంతిలో అందరూ తింటున్నారు. వెనక మా ఆయన ఎవరికో కూర వడ్డించమని చెబుతున్నారు.

"మామకు తెల్వదు," అన్నాను. "యాసిడ్ కని నాకు చెప్పిండ్రు. మామ అడిగితే నీళ్ళకని చెప్పమన్నది నేను."

ఆయన నోట్లోకి తీసుకుపోతున్న ముద్ద ఆగింది. భార్య నా మొహంలోకి చూసి, మళ్ళీ ఆయన మొహంలోకి చూసింది. ముద్దను తిరిగి విస్తట్లో పెట్టాడు. అప్పుడు మాట్లాడాడు. నాతో కాదు, భార్యతో.

"మూడేండ్లు," అన్నాడు. "మూడేండ్లు ఆ ముసలాయన ఎండల పడి వస్తుంటె, గ్లాసు మంచినీళ్ళు గూడ ఇయ్యనియ్యకపోతిని నిన్ను."

ఆయన గ్లాసు ఖాళీగా ఉంది. నాకు వేరే ఏం చెయ్యాలో తెలియక, నీళ్ళు పోద్దామని చెంబు వంచాను. చప్పుడు విన్నాడో ఏమో, ఆయన ఎడమ చెయ్యి ముందుకొచ్చి, తడుముకొని, గ్లాసు మూతిని అరచేత్తో కప్పేసింది. నేను చెంబును అట్లాగే వంచి పట్టుకొని నిలబడ్డాను. మచ్చలు పడ్డ ఆ చెయ్యి అక్కడి నుంచి కదలలేదు.